ఈటీఎఫ్ కొంటే చేతి నుంచి పోయేదెంత?

స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరు కొన్నట్టే కొని, షేరు అమ్మినట్టే అమ్ముకోగలిగే మ్యూచువల్ ఫండ్ యూనిట్‌ను ఎక్స్ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్ అంటారు. వాడుకలో అది ఈటీఎఫ్. నిఫ్టీ 50 ఈటీఎఫ్‌లో ఒక్క యూనిట్ కొన్నవారికి ఆ సూచీలోని యాభై కంపెనీల్లోనూ చిటికెడు వాటా దక్కుతుంది. బంగారం ఈటీఎఫ్ యూనిట్ వెనుక 99.5 శాతం స్వచ్ఛత గల బంగారం ఉంటుంది. ఏ షేరు మంచిది, ఏది కాదు అని తూచే పని ఈ ఫండ్ మేనేజరుకు లేదు. సూచీలో ఏముంటే అదే, ఎంత ఉంటే అంతే కొనాలి. ఆ తూకం పని లేదు కాబట్టే నిర్వహణ ఖర్చు తక్కువ. ఈటీఎఫ్‌ల పేరు ఇంతగా వినిపించడానికి ఈ తక్కువ ఖర్చే కారణం. అయితే ఎంత సొమ్ముకు, ఎంత కాలానికి, ఎన్నిసార్లు కొని అమ్మేవారికి తక్కువ అని అడిగినప్పుడే ఆ మాట విలువ తేలుతుంది.

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే రహదారి మీద కాజీపేటకు ముందే తగిలే మడికొండను ఉదాహరణగా తీసుకోవచ్చు. మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి ఆలయంతో పేరున్న ఈ ఊళ్లో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కేంద్రాలు మొదలయ్యాయి. సూరత్ వంటి చోట్లకు వలసపోయి తిరిగొచ్చిన నేత కుటుంబాల కోసం ఏర్పడిన టెక్స్‌టైల్ పార్కు కూడా ఇక్కడే ఉంది. ఇలాంటి చోట నెల జీతంలో భవిష్యనిధి, అంటే పీఎఫ్, కోత పడే ప్రతి ఉద్యోగి సొమ్ముకూ ఈటీఎఫ్‌లతో ఇప్పటికే సంబంధం ఉంది. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టులో తొలిసారి షేర్ మార్కెట్లోకి అడుగుపెట్టినప్పుడు నేరుగా షేర్లు కొనలేదు, ఈటీఎఫ్‌ల దారి ఎంచుకుంది. కొత్తగా వచ్చే సొమ్ములో మొదట 5 శాతం, తర్వాత 10 శాతం, 2017 నుంచి 15 శాతం అటు మళ్లించింది. ఎస్‌బీఐ నిఫ్టీ 50 ఈటీఎఫ్ దేశంలోని ఈటీఎఫ్‌లన్నిటిలోకీ పెద్దదిగా ఎదగడానికి ముఖ్య కారణం ఈ పీఎఫ్ సొమ్మే.

మడికొండలో ఉండే ఉద్యోగి ఒకరు, పీఎఫ్ సంస్థ కొన్న ఆ ఈటీఎఫ్‌నే తన ఫోన్ నుంచి రెండు వేల రూపాయలకు కొన్నారనుకుందాం. ఈటీఎఫ్‌లలో డైరెక్ట్ ప్లాన్, రెగ్యులర్ ప్లాన్ అనే తేడా లేదు కాబట్టి ఫండ్ సంస్థ తీసుకునే నిర్వహణ ఖర్చు వేల కోట్లు పెట్టిన పీఎఫ్ సంస్థకూ, రెండు వేలు పెట్టిన ఉద్యోగికీ ఒకే శాతం. తేడా అంతా మిగతా ఖర్చుల్లో ఉంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఆ నిర్వహణ ఖర్చు ఒక్కటే కనుక, చిన్న మదుపరి మిగతావాటిని లెక్కలోకి తీసుకోకుండానే కొనేస్తుంటారు.

సూచీని అనుసరించే ఫండ్ ఆలోచన పాతదే. అమెరికాలో జాన్ బోగల్ వాన్‌గార్డ్ సంస్థ ద్వారా 1976లో సామాన్యుల కోసం తొలి ఇండెక్స్ ఫండ్ తెచ్చారు. ఆ దేశంలో ఎస్ అండ్ పీ 500 సూచీ ఈటీఎఫ్ 1993లో వచ్చింది. మన దేశంలో బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ తెచ్చిన నిఫ్టీ బీస్ 2002 జనవరిలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. అదే సంస్థ 2007లో గోల్డ్ బీస్ తెచ్చింది. ఆ ఫండ్లు గోల్డ్‌మన్ శాక్స్, రిలయన్స్ చేతులు మారి నేడు నిప్పన్ ఇండియా దగ్గర ఉన్నాయి. 1943లో పుట్టిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ గుర్తింపు 2007లో రద్దయ్యేనాటికే లావాదేవీలు కంప్యూటర్ తెర మీదికి, ముంబై ఎక్స్ఛేంజీలకు తరలిపోయాయి. ఇప్పుడు మడికొండ నుంచి కొన్నా ముంబై నుంచి కొన్నా ఎక్స్ఛేంజీకి కట్టే రుసుము ఒకటే. ఊరి దూరం ఖర్చులో లెక్కకు రాదు.

ముందుగా ఎక్స్‌పెన్స్ రేషియో, అంటే నిర్వహణ ఖర్చు. దీన్ని ఏడాదికి ఇంత శాతమని చెబుతారు గానీ ఏడాది చివర బిల్లు పంపరు. ఏ రోజుకారోజు ఫండ్ ఆస్తిలోంచి చిన్న ముక్క తీసేసి, మిగిలినదాన్నే యూనిట్ నికర విలువగా, అంటే ఎన్‌ఏవీగా ప్రకటిస్తారు. ఖాతాలో డబ్బు కోత పడినట్టు ఎక్కడా కనిపించదు. ఈటీఎఫ్‌లు, ఇండెక్స్ ఫండ్లు ఏడాదికి 1 శాతానికి మించి వసూలు చేయకూడదన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 నుంచి అమలు చేసిన నిబంధన. పన్నులు, సుంకాలు విడిగా చూపించి, మూల ఖర్చు పరిమితిని 0.9 శాతానికి తగ్గించే మార్పును సెబీ బోర్డు 2025 డిసెంబరులో ఆమోదించింది. పెద్ద నిఫ్టీ 50 ఈటీఎఫ్‌ల ఖర్చు ఈ పరిమితికి చాలా దిగువన, 0.04 శాతం దగ్గర ఉంటోంది. లక్ష రూపాయలకు ఏడాదికి నలభై రూపాయలన్నమాట. ఒక రంగానికో, ఒక వ్యూహానికో పరిమితమైన ఈటీఎఫ్‌లలో ఇది అనేక రెట్లు ఎక్కువ కావచ్చు.

శాతంలో చిన్న తేడా కాలంతో పాటు ఎలా పెరుగుతుందో ఒక ఊహా లెక్కలో చూడవచ్చు. లక్ష రూపాయలు ఏడాదికి 10 శాతం చొప్పున ఇరవై ఏళ్లు పెరిగితే, ఖర్చే లేకపోతే, సుమారు 6 లక్షల 73 వేలు అవుతుంది. ఏటా 0.05 శాతం ఖర్చు తీసేస్తే 6 లక్షల 67 వేలు. ఏటా 1 శాతం తీసేస్తే 5 లక్షల 60 వేలు. మొదటి రకం ఖర్చుకు పోయింది ఆరు వేలు, రెండో రకానికి లక్షా 12 వేలు. పెట్టింది లక్షే, ఖర్చుగా పోయింది అంతకన్నా ఎక్కువ. మార్కెట్ ఎంత పెరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఖర్చు మాత్రం కొనేముందే తెలుస్తుంది, ఎంచుకునే వీలూ ఉంది. అందుకే దీర్ఘకాలం ఉంచే సొమ్ముకు ఈ నిష్పత్తి అన్నిటికన్నా ముఖ్యం.

బంగారం ఈటీఎఫ్‌లలో ఈ కోత కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కంపెనీ షేర్లకు డివిడెండ్ వస్తుంది. బంగారం కడ్డీ ఏమీ సంపాదించదు. నిర్వహణ ఖర్చు చెల్లించాలంటే ఫండ్ దగ్గరున్న బంగారంలోంచే కొంత అమ్మాలి. గోల్డ్ బీస్ మొదలైనప్పుడు ఒక యూనిట్ ఒక గ్రాముకు సమానం. 2019 డిసెంబరులో యూనిట్‌ను నూరు ముక్కలు చేశాక, ఒక్కొక్కటి గ్రాములో నూరోవంతు అని జనం అనుకుంటారు. నిజానికి ఏటేటా ఖర్చు తరిగి తరిగి, యూనిట్ వెనుక ఉన్న బంగారం నూరోవంతు గ్రాము కన్నా తక్కువే. అందుకే యూనిట్ ధరను నూరుతో గుణించి, దుకాణంలోని గ్రాము ధరతో పోల్చేవారికి లెక్క కుదరదు. బంగారం ఈటీఎఫ్‌లలో కొన్నింటి ఖర్చు 0.8 శాతం దాకా ఉంది. ఆ చొప్పున పదేళ్లు గడిస్తే 10 గ్రాముల బంగారం 9.23 గ్రాములవుతుంది. ఇంతకన్నా చవకైన బంగారం ఈటీఎఫ్‌లు కూడా ఉన్నాయి. వెనుక ఉన్నది ఒకే లోహం, ఒకే స్వచ్ఛత అయినప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టడానికి ఒకే కారణం ఉండాలి, అది మార్కెట్లో సులువుగా అమ్ముడుపోవడం. ఆ విషయం తర్వాత వస్తుంది.

ఆభరణంతో పోలిస్తే మాత్రం ఈటీఎఫ్ ఖర్చు చాలా తక్కువ. నగ కొన్నప్పుడు తరుగు, మజూరి, ఆపైన 3 శాతం జీఎస్టీ పడతాయి. తిరిగి అమ్మినప్పుడు తరుగూ మజూరీ వెనక్కి రావు. పెళ్లికి పెట్టుకునే నగ అవసరం వేరు, దాన్ని ఖర్చుతో తూచడం సరికాదు. కేవలం పొదుపు కోసమే నగలు కొనే ఇళ్లలో మాత్రం ఈ తేడా తెలిసి ఉండాలి.

ఎక్స్‌పెన్స్ రేషియో చెప్పని ఖర్చు ఫండ్ లోపల ఇంకొంత ఉంటుంది. సూచీ 12 శాతం పెరిగిన ఏడాది ఈటీఎఫ్ 11.8 శాతమే పెరిగితే, ఆ 0.2 శాతాన్ని ట్రాకింగ్ డిఫరెన్స్ అంటారు. ఇందులో నిర్వహణ ఖర్చు ఒక భాగం. సూచీలో కంపెనీలు మారినప్పుడు షేర్లు కొని అమ్మడానికి అయ్యే ఖర్చు, డివిడెండ్ చేతికొచ్చి తిరిగి పెట్టుబడి అయ్యేలోగా ఖాళీగా ఉన్న సొమ్ము మిగతా భాగం. ట్రాకింగ్ ఎర్రర్ అనే ఇంకో అంకె కూడా కనిపిస్తుంది. అది రోజువారీ తేడాలు ఎంత నిలకడ తప్పుతున్నాయో చెప్పేది. షేర్ల ఈటీఎఫ్‌లలో ఏడాది లెక్కన అది 2 శాతం దాటకూడదని 2022 మే నెలలో సెబీ నిర్దేశించింది. మదుపరి జేబుకు సంబంధించింది మొదటి అంకె. ట్రాకింగ్ డిఫరెన్స్‌ను ఫండ్ సంస్థలు నెలనెలా వెల్లడించాలి. ఒకే సూచీ మీద నాలుగు ఈటీఎఫ్‌లు ఉంటే, ఎక్స్‌పెన్స్ రేషియోల కన్నా వాటి మూడేళ్ల, ఐదేళ్ల ట్రాకింగ్ డిఫరెన్స్‌లను పక్కపక్కన పెట్టి చూడటం మేలు. ప్రకటించిన ఖర్చు తక్కువే అయినా సూచీకి బాగా వెనుకబడిన ఫండ్ చవకైనది కాదు.

ఇక కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ అయ్యే ఖర్చులు. నిఫ్టీ ఈటీఎఫ్ లక్ష రూపాయలకు కొంటే స్టాంపు డ్యూటీ 0.015 శాతం, అంటే 15 రూపాయలు. 2020 జులై నుంచి దేశమంతా ఇదే రేటు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ రుసుము 2 రూపాయల 97 పైసలు, సెబీ రుసుము 10 పైసలు, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ 55 పైసలు. మొత్తం 18 రూపాయల 62 పైసలు. షేర్లు కొన్నా అమ్మినా 0.1 శాతం చొప్పున పడే సెక్యూరిటీస్ లావాదేవీ పన్ను, అంటే ఎస్‌టీటీ, షేర్ల ఈటీఎఫ్‌లు కొనేటప్పుడు పడదు. అమ్మేటప్పుడు 0.001 శాతం, అంటే లక్షకు ఒక్క రూపాయి. ప్రభుత్వానికీ ఎక్స్ఛేంజీకీ పోయేది ఇంతే, దీని గురించి దిగులు పడాల్సిందేమీ లేదు.

బ్రోకరేజీ దగ్గర కథ మారుతుంది. కొన్నవాటిని ఖాతాలోనే ఉంచుకునే లావాదేవీలకు, అంటే డెలివరీకి, బ్రోకరేజీ తీసుకోని సంస్థలున్నాయి, ఆర్డరుకు ఇరవై రూపాయలు తీసుకునేవీ ఉన్నాయి. బ్యాంకులకు అనుబంధంగా నడిచే పాత పద్ధతి బ్రోకర్లలో లావాదేవీ విలువపై అర శాతం దాకా తీసుకునేవీ ఉన్నాయి. అర శాతం చొప్పున లక్షకు 500, దాని మీద జీఎస్టీ 90, కలిపి 590 రూపాయలు. 0.04 శాతం ఖర్చున్న ఈటీఎఫ్‌లో అది దాదాపు పదిహేనేళ్ల నిర్వహణ ఖర్చుకు సమానం. నెలకు రెండు వేలు పెట్టేవారికి ఆర్డరుకు ఇరవై రూపాయల బ్రోకరేజీ ఇంకా భారం. జీఎస్టీతో 23 రూపాయల 60 పైసలు, అంటే పెట్టిన సొమ్ములో 1.18 శాతం మొదటి రోజే పోయినట్టు. ఏ ఈటీఎఫ్ అన్న ఎంపిక కన్నా ఏ బ్రోకరన్న ఎంపికే ఇక్కడ ఎక్కువ ఖర్చును నిర్ణయిస్తోంది.

బ్రోకరేజీ సున్నా కాబట్టి ఏ సంస్థ అయినా ఫరవాలేదనుకోవడమూ సరికాదు. హైదరాబాద్ కేంద్రంగా అనేక తెలుగు పట్టణాల్లో శాఖలు నడిపిన కార్వీ స్టాక్ బ్రోకింగ్, ఖాతాదారుల షేర్లను తన అవసరాలకు తాకట్టు పెట్టిందంటూ సెబీ 2019 నవంబరులో దానిపై చర్య తీసుకుంది. ఆ తర్వాత 2020 నుంచి తాకట్టు పద్ధతి మారింది. షేర్లు, యూనిట్లు ఖాతాదారు డీమ్యాట్‌లోనే, అంటే వాటిని ఎలక్ట్రానిక్ రూపంలో దాచే ఖాతాలోనే ఉంటాయి, ఓటీపీతో ఖాతాదారు స్వయంగా అంగీకరించనిదే తాకట్టు పడవు. ఆ ఖాతాలను నిర్వహించే డిపాజిటరీల నుంచి నేరుగా వచ్చే స్టేట్‌మెంటును నెలకోసారి తెరిచి చూసే అలవాటుకు పైసా ఖర్చు లేదు. ఆ అలవాటు లేకపోతే మాత్రం అసలుకే ముప్పు రావచ్చు.

డీమ్యాట్ ఖాతాలోంచి యూనిట్లు అమ్మిన రోజు డీపీ ఛార్జీ పడుతుంది. ఇది శాతం కాదు, స్థిరమైన మొత్తం. ఒక కంపెనీ లేదా ఒక ఈటీఎఫ్‌కు, అమ్మిన రోజుకు ఇంత అని తీసుకుంటారు. బ్రోకరును బట్టి జీఎస్టీతో కలిపి పదిహేను రూపాయల చుట్టుపక్కల మొదలవుతుంది. రెండు లక్షల విలువైన యూనిట్లు ఒకేసారి అమ్మేవారికి ఇది లెక్కలోకి రాదు. రెండు వేలు అమ్మేవారికి అదే 0.75 శాతం. అవసరానికి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు అమ్మితే నాలుగుసార్లూ పడుతుంది. పండక్కో, బడి ఫీజుకో చిన్న మొత్తాలు తీసుకోవాల్సి వచ్చే సొమ్మును ఈటీఎఫ్‌లో పెట్టకపోవడం మంచిది.

డీమ్యాట్ ఖాతాకు ఏటా నిర్వహణ రుసుము కూడా ఉండొచ్చు. ఏడాదికి 300 రూపాయలనుకుంటే జీఎస్టీతో 354. ఖాతాలో ఉన్నది ఇరవై వేలే అయితే అది 1.77 శాతం. ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ ఖాతా అనే పథకం కింద, 2024 సెప్టెంబరు 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఖాతాలోని విలువ 4 లక్షల రూపాయలు మించకపోతే వార్షిక రుసుము సున్నా. 4 నుంచి 10 లక్షల దాకా అయితే ఏడాదికి 100 రూపాయలు. అయితే ఒక వ్యక్తికి డీమ్యాట్ ఖాతా ఒక్కటే ఉండాలి. రెండు మూడు యాప్‌లలో సరదాకు డీమ్యాట్‌లు తెరిచిన యువ ఉద్యోగులు ఈ మినహాయింపును చేతులారా పోగొట్టుకుంటున్నారు. అదనపు ఖాతాలు మూసేయడం ఒక్క దరఖాస్తు పని.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏదో ఒక కాగితం మీద అంకెగా కనిపించే ఖర్చులే. ఏ కాగితం మీదా కనిపించనిది, చాలా ఈటీఎఫ్‌లలో అన్నిటికన్నా పెద్దది, కొనేవారి ధరకూ అమ్మేవారి ధరకూ మధ్య తేడా. దాన్ని స్ప్రెడ్ అంటారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి తీసుకెళ్లిన రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. పొద్దున జెండా పాటలో పలికిన ధర పత్రికల్లో వస్తుంది, బస్తాల దగ్గర వ్యాపారి ఇచ్చే ధర వేరుగా ఉంటుంది. ఫోన్ తెర మీద ఈటీఎఫ్ పేరు పక్కన మెరిసే ధర కూడా అంతే, చివరి లావాదేవీ ఎంతకు జరిగిందో చెప్పేది మాత్రమే. ఆ లావాదేవీ నిమిషం కిందటిదో, అంతగా వ్యాపారం లేని ఈటీఎఫ్ అయితే రెండు గంటల కిందటిదో. ఇప్పుడు కొనాలంటే ఎంత, అమ్మాలంటే ఎంత అన్నది లోపలికి వెళ్లి ఆర్డర్ల పట్టికలో చూడాలి.

ఆ పట్టికలో కొనేవారు 99 రూపాయల 50 పైసలు ఇస్తామంటున్నారు, అమ్మేవారు 100 రూపాయల 50 పైసలు అడుగుతున్నారు అనుకుందాం. పది వేల రూపాయల సరుకు కొని వెంటనే అమ్మితే సూచీ కదలకపోయినా దాదాపు నూరు రూపాయలు పోతాయి, అంటే 1 శాతం. నిఫ్టీ 50 మీద నడిచే పెద్ద ఈటీఎఫ్‌లలో ఈ తేడా ఒకటి రెండు పైసలే. ఏదో ఒక కొత్త రంగం మీదో, మిడ్‌క్యాప్ వ్యూహం మీదో వచ్చిన చిన్న ఈటీఎఫ్‌లో రోజంతా పది ఇరవై లక్షల వ్యాపారం కూడా జరగనప్పుడు, తేడా రూపాయల్లోకి వెళ్తుంది. పేరు బాగుంది, ఎక్స్‌పెన్స్ రేషియో తక్కువగా ఉంది అని అలాంటిది కొనడం కన్నా, కొంచెం ఎక్కువ ఖర్చున్నా వ్యాపారం బాగా జరిగేది కొనడమే చాలా సందర్భాల్లో చవక.

ఈ తేడాను అదుపులో ఉంచడానికి మార్కెట్ మేకర్లు అనే సంస్థలున్నాయి. యూనిట్ ధర దాని వెనుక ఉన్న షేర్ల విలువ కన్నా పెరిగితే, వారు షేర్లు ఫండ్ సంస్థకు ఇచ్చి కొత్త యూనిట్లు తెచ్చి అమ్ముతారు. తగ్గితే యూనిట్లు కొని ఫండ్ సంస్థకు తిరిగి ఇచ్చి షేర్లు తీసుకుంటారు. ఈ రాకపోకల వల్లే ధర ఎన్‌ఏవీకి దగ్గరగా ఉంటుంది. ప్రతి ఈటీఎఫ్‌కూ కనీసం ఇద్దరు మార్కెట్ మేకర్లు ఉండాలనీ, షేర్ల ఈటీఎఫ్‌ల తక్షణ నికర విలువను, అంటే ఐఎన్‌ఏవీని, పదిహేను సెకన్లకు మించి ఆలస్యం కాకుండా వెల్లడించాలనీ సెబీ 2022లో ఆదేశించింది. 25 కోట్ల రూపాయలకు పైబడిన లావాదేవీ అయితే పెద్ద సంస్థలు ఫండ్ సంస్థతోనే నేరుగా జరుపుకోవచ్చు. పీఎఫ్ సంస్థ వంటివాటికీ చిన్న మదుపరికీ అసలు తేడా వచ్చేది ఇక్కడే. చిన్న మదుపరికి మామూలుగా ఉన్న దారి ఎక్స్ఛేంజీ ఒక్కటే.

ఆ దారిలో కాపాడుకునే సాధనం లిమిట్ ఆర్డర్. మార్కెట్ ఆర్డర్ పెడితే ఎంతకు దొరికితే అంతకు కొనేస్తుంది. లిమిట్ ఆర్డర్‌లో ఇంతకు మించి ఇవ్వను అని ధర చెప్పి పెట్టవచ్చు. ఐఎన్‌ఏవీ ఎంతుందో చూసి, దానికి దగ్గర్లో లిమిట్ పెట్టడం పద్ధతి. మార్కెట్ తెరిచే 9 గంటల 15 నిమిషాల తర్వాత మొదటి కొద్ది నిమిషాల్లో స్ప్రెడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఆ సమయం దాటాక కొనడం మేలు. ఆఫీసుకు వెళ్లే తొందరలో తొమ్మిదింబావుకే మార్కెట్ ఆర్డర్ కొట్టి బస్సెక్కే ఉద్యోగి, ఏడాదంతా చవకైన ఫండ్ ఎంచుకుని మిగుల్చుకున్నది ఆ ఒక్క నొక్కులో పోగొట్టుకోవచ్చు.

మార్కెట్ మేకర్ల రాకపోకలు ఆగిపోతే ఏమవుతుందో విదేశీ సూచీల ఈటీఎఫ్‌లు చూపించాయి. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశీ షేర్లలో పెట్టగలిగేది 700 కోట్ల డాలర్లు, విదేశీ ఈటీఎఫ్‌లలో విడిగా 100 కోట్ల డాలర్లు. మొదటి పరిమితి 2022లో, రెండోది 2024లో నిండే దశకు వచ్చాయి. కొత్త యూనిట్లు పుట్టే దారి ఇరుకైంది, కొనేవారు మాత్రం పెరిగారు. అమెరికా నాస్‌డాక్ 100 మీద నడిచే ఈటీఎఫ్ యూనిట్లు ఎన్‌ఏవీ కన్నా 10 శాతానికి పైగా ఎక్కువ ధరకు చేతులు మారిన రోజులున్నాయి. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో ఈ ఫండ్లంటే మక్కువ ఎక్కువ కనుక ఇది ప్రత్యేకంగా గమనించాలి. 100 రూపాయల విలువైన యూనిట్‌ను 110కి కొన్నాక ఆ అదనపు ధర కరిగిపోతే, అమెరికా మార్కెట్ ఒక్క పాయింటు పడకపోయినా 9 శాతం నష్టం. అంత నష్టం పూడాలంటే 0.04 శాతం నిర్వహణ ఖర్చు ఆదా రెండు తరాలకు కూడా చాలదు. 2025 అక్టోబరులో, దీపావళికి ముందు, వెండి కొరతతో వెండి ఈటీఎఫ్‌లలోనూ ఇదే జరిగింది. కొన్ని ఫండ్ సంస్థలు తమ వెండి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లో, అంటే ఆ ఈటీఎఫ్‌లనే కొనే ఫండ్లలో, ఏకమొత్తం పెట్టుబడులను కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది.

ధర ఎన్‌ఏవీ కన్నా తక్కువకు పడిపోయి చిక్కుకున్నవారికి ఒక రక్షణ ఉంది. వరుసగా ఏడు ట్రేడింగ్ రోజులు ముగింపు ధర ఎన్‌ఏవీ కన్నా 1 శాతానికి మించి తక్కువగా ఉన్నా, మూడు రోజులు వరుసగా ఎక్స్ఛేంజీలో కొనుగోలు ధరలే కనిపించకపోయినా, చిన్న మదుపరులు కూడా నేరుగా ఫండ్ సంస్థకే యూనిట్లు తిరిగి ఇవ్వవచ్చు. దీనికి ఎగ్జిట్ లోడ్, అంటే బయటికి వెళ్లే రుసుము, వసూలు చేయకూడదు.

పన్నును ఖర్చుగా లెక్కపెట్టడం చాలామందికి అలవాటు లేదు. 2024 జులై 23 నుంచి షేర్ల ఈటీఎఫ్‌లను ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఆర్థిక సంవత్సరానికి లక్షా 25 వేలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను. బంగారం, వెండి ఈటీఎఫ్‌లను ఇప్పుడు పన్నెండు నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం, లోపు అమ్మితే వారి వారి ఆదాయ శ్లాబు రేటు. వాటికి లక్షా 25 వేల మినహాయింపు లేదు. ఇంకో ఈటీఎఫ్ ఖర్చు 0.02 శాతం తక్కువ అని పాతది అమ్మి కొత్తది కొనేవారు, ఆ మార్పు కోసం ఎంత పన్ను కడుతున్నారో ముందు లెక్క వేసుకోవాలి. మార్చకుండా ఉంచడమే చాలాసార్లు లాభం.

డీమ్యాట్ అవసరం లేని ఇండెక్స్ ఫండ్‌తో పోల్చి చూడటం ఈ లెక్కకు చివరి అంకం. ఇండెక్స్ ఫండ్‌లో స్ప్రెడ్ లేదు, డీపీ ఛార్జీ లేదు, స్టాంపు డ్యూటీ 0.005 శాతమే. కొన్నా అమ్మినా ఆ రోజు ఎన్‌ఏవీకే. 2013 జనవరి నుంచి వచ్చిన డైరెక్ట్ ప్లాన్లలో ఏజెంటు కమీషన్ ఉండదు. నిర్వహణ ఖర్చు మాత్రం ఈటీఎఫ్ కన్నా కొంచెం ఎక్కువ. ఆ ఖర్చు 0.20 శాతం, ఈటీఎఫ్‌ది 0.04 శాతం అనుకుంటే తేడా 0.16 శాతం. ఐదు వేల రూపాయలకు ఏడాదికి ఎనిమిది రూపాయలు. ఒక్క డీపీ ఛార్జీకే అది చాలదు. ఐదు లక్షలకు ఏడాదికి 800 రూపాయలు, అక్కడ ఈటీఎఫ్ స్పష్టంగా గెలుస్తుంది. బంగారం ఫండ్ ఆఫ్ ఫండ్స్ కూడా డీమ్యాట్ లేకుండా కొనవచ్చు గానీ, లోపలి ఈటీఎఫ్ ఖర్చు మీద పై ఫండ్ ఖర్చు కూడా కలుస్తుంది.

మడికొండ మరమగ్గాల కార్మికుడైనా, ఐటీ ఉద్యోగి అయినా, నెలకు రెండు మూడు వేలు దాచుకుంటూ అవసరానికి కొంత తీసుకోవాల్సి వచ్చేవారికి ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్ మేలు. బోనస్ గానీ, పొలం అమ్మిన సొమ్ము గానీ ఒకేసారి చేతికొచ్చి పదేళ్లు ముట్టుకోనక్కర్లేని వారికి వ్యాపారం బాగా జరిగే పెద్ద ఈటీఎఫ్, సున్నా బ్రోకరేజీ ఖాతాలో, లిమిట్ ఆర్డర్‌తో కొనడం చవక. ఏది ఎంచుకున్నా, కొన్న ఇరవై నాలుగు గంటల్లోగా బ్రోకరు పంపాల్సిన కాంట్రాక్ట్ నోట్‌లో బ్రోకరేజీ, స్టాంపు డ్యూటీ, ఎక్స్ఛేంజీ రుసుము, జీఎస్టీ విడివిడిగా ఉంటాయి. మదుపరులు దాన్ని తెరిచి చదవాలి, అర్థం కాని కోత ఏదైనా కనిపిస్తే బ్రోకరును అడగాలి, జవాబు రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదుకు రుసుము లేదు.